గేటు మీద నా అక్షరం

తొరీనో, 10 మార్చి 1957

అమ్మకి,

ఒంట్లో అయితే నాన్నా నేనూ బాగానే ఉన్నాం. డెల్ఫీనా పిన్ని కర్ర పట్టుకుని నడుస్తోందని రాశావు, సంతోషం. తనని మెట్ల దగ్గరికి మాత్రం పోనివ్వకు.

ఫౌండ్రీకి నేను గీసిన అచ్చు అక్షరం ఎలా వచ్చిందని అడిగావు. పధ్నాలుగు నెలలు గీశాను. నిలువు అక్షరాన్ని పక్కకి తోస్తే ఇటాలిక్ అయిపోదమ్మా, చేత్తో గబగబా రాసినట్టుండాలి. దాన్నే బోల్డ్ చేస్తే ఆ పరుగు ఆగిపోతుంది. 'a' పొట్ట పూడుకుపోతుంది, కొసల్లోని చిన్న గీతలు, అవే సెరిఫ్‌లు, బురద అంటిన బూట్లలా బరువెక్కుతాయి. డైరెక్టర్ బెల్లార్దీ నెలకోసారి వచ్చి, "వంచి ఇచ్చేయరాదూ, ఎవడు చూస్తాడు?" అనేవాడు. చివరికి అక్షరాల నమూనా పుస్తకంలో నా పేరుకి బదులు తన మేనల్లుడి పేరు వేశాడు. అడిగితే, "ఆడపిల్ల గీసిందంటే ప్రెస్సుల వాళ్ళు కొనరమ్మాయ్" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎవరు వాడుతున్నారని కూడా అడిగావు. ఇంతసేపూ ఆ మాట దాటేయడానికే ఇదంతా రాశాను.

మొదట వాడింది మా ఫౌండ్రీయే. పోయిన నెలాఖరున ఒక ప్రూఫు నా బల్ల మీద పెట్టి, పై వరస సందులు సరిచెయ్యమన్నారు. పెద్ద సైజులో నా అక్షరాన్ని చూడడం అదే మొదటిసారి. మురిసిపోయి రెండు గంటలు కూర్చున్నాను. అక్షరాల మధ్య సందులు చూశానే గానీ మాట చదవలేదు. అది 'తొలగింపులు'. కింద చిన్న అక్షరాల్లో నలభై పేర్లున్నాయి. వాటి జోలికే పోలేదు.

పదకొండో పేరు నాన్నది. ఇరవై ఆరేళ్ళు అక్కడ అక్షరాలు పోతపోసిన మనిషి, మర్నాడు గేటు మీద చదువుకున్నాడు. నీకు రాయొద్దని ఒట్టేయించుకున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాను.

గేటు మీది ఆ కాగితం చింపి బెల్లార్దీ బల్ల మీద పడేశాను. "రోడ్డవతల నించి కూడా కనబడుతోంది. నీ పనితనమే కదా," అన్నాడు తాపీగా. గంటలో ఇంకోటి అంటించారు.

నాన్న ఇంట్లో నా మీద విరుచుకుపడ్డాడు. "చింపితే నా పని తిరిగొస్తుందా? ఇంకో ముప్పై తొమ్మిది మంది ఉన్నారక్కడ. వాళ్ళకేం చేస్తావో చెప్పు." నాలుగో రోజు యూనియన్ వాళ్ళ కరపత్రం పట్టుకొచ్చాడు. శీర్షిక ఆ అక్షరంలోనే కావాలన్నాడు. మధ్యాహ్నం భోజనం వేళ, అందరూ చూస్తుండగా, నా బల్ల దగ్గరే అచ్చు అక్షరాలు పేర్చాను: 'మేము కదలం'.

భోజనాల వేళ తెరిచిన గేటులోంచి లోపలికొచ్చిన నాన్న వంగి చూసి, "ఈసారైనా చదివావా?" అన్నాడు.

"చదివాను నాన్నా."

నిన్న నన్నూ తీసేశారు. గేటు ముందు రెండు వందల మందిమి సమ్మెలో కూర్చున్నాం, లోపల సీసం కరిగించే పొయ్యిలు చల్లారిపోయాయి. నాన్న మాత్రం సరిగా తినడం లేదు, నా వంట మీద వంక పెడుతున్నాడు. పిన్నిని ఎవరికైనా అప్పగించి నువ్వు రా. వచ్చేటప్పుడు ఆయన మందపాటి కోటు తీసుకురా, గేటు దగ్గర చలి గాలి కొడుతోంది.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని నీ కూతురు
ఎర్సీలియా