చిన్నది అంటే నువ్వు కాదు

పద్నాలుగు, శుక్రవారం. రెండు చీరలు ఉతికి ఆరేశాను, బసకిచ్చిన గది నేనే ఊడ్చుకున్నాను.

చిన్నీ, క్షేమంగా చేరాను. మూర్ఛ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ల సంఘం వార్షిక సభకి నాలుగు వందల మంది వచ్చారు. నాతో మాట్లాడినవాళ్లు లేరు. అక్కకి మూర్ఛ వచ్చినప్పుడల్లా నేను రాసిపెట్టిన మన నోటుబుక్కులు తీసుకెళ్లిన డాక్టరు, అక్క వివరాలు పేరు లేకుండా, పదిహేడో నంబరు అని తెర మీద చూపించారు. పక్కనే "చెల్లెలికీ ఇదే జబ్బు" అని ఉంది. లేచి అడిగితే నా రాతే చూపించారు: "పొద్దున చిన్నది, సాయంత్రం పెద్దది వచ్చింది."

"చిన్నదంటే చిన్న మూర్ఛ బాబూ! మా చిన్నది కాదు!"

"కొంప ముంచారు కదమ్మా!" అంటూ ఆయన ఆ మాట కొట్టేశారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని అన్నం తిన్నాను. ఇది విని పడీపడీ నవ్వే మనిషి అక్కే.

నాన్న మాత్రలు ఇస్తున్నావా? అక్క గది కిటికీలు తెరువు.

అక్క పోయిన రోజు "నాకూ వస్తుందా అమ్మా?" అన్నావు. అదే మాట ఇవాళ సభ అయ్యాక అడిగాను. "వంశంలో వచ్చేదనడానికి ఇక ఆధారమే లేదమ్మా" అన్నారు డాక్టరు. చల్లగా ఉండు తల్లీ. నీకు బాకీ ఉన్న జవాబు ఇదే. చెల్లు.