గుండం పక్కన పెట్టిన గుర్తులు

మంగళవారం, రాత్రి

అడవి చూడనీకి వచ్చేటోళ్ల కోసం నల్లమాడ కొండ మీదికి నడిచే దారి వేయమని ఆఫీసరు చెప్పినందుకు, ఈ పొద్దు రాళ్ల మీద సున్నంతో గుర్తులు పెడతా పోయినా. నీటి గుండం కాడ గొర్రెలు మేపే ఓబులక్క అడ్డమొచ్చింది.

"ఏమప్పా, జనాన్ని ఈడికే తోలుకొస్తావా? ఎండాకాలం ఎలుగుబంట్లకు ఈ గుండమే దిక్కు. నా గొర్రెలకు కూడా ఈడ నీళ్లు తాపను."

వంగి చూస్తే బురదలో తల్లి ఎలుగు అడుగులు, పక్కనే పిల్లవి. ఇన్నేండ్లుగా ఈ అడవికి వాచరుగా తిరుగుతాండా, నా కంట పడలేదు. సున్నం ఆరకముందే మట్టితో తుడిచేసినా. దారిని గట్టు మీదికి తిప్పినా.

ఆ సంగతి ఫోన్‌లో చెప్తే ఆఫీసరు, "నీళ్లు చూపించకపోతే ఎవరొస్తారు? రేపు నేనే వచ్చి చూస్తా" అన్నాడు. మళ్లీ గుర్తులు పెట్టమంటే కాదనే ధైర్యం నాకు ఉండాదో లేదో.

"నువ్వూ వచ్చి చెప్పక్కా" అని ఓబులక్కను అడిగినా.

"గొర్రెలు అడవిలోకొచ్చినాయని పోయినేడు కేసు రాస్తివే. మళ్లా రాయవు గదా?"

తమాషాకు అంటాందేమోనని మొగం చూసినా. నవ్వలేదు.