సభలో లేచిన చెయ్యి

రేపల్లె,
6-3-1991.

చి॥ రూతుకు అమ్మ దీవించి రాయునది.

దేవుని దయవల్ల నేనూ మీ నాన్నగారూ ఇక్కడ కులాసా. నువ్వూ వేళకు తిని, వేళకు పడుకుని కులాసాగా ఉన్నావని తలుస్తాను. నా భుజాన్ని మాత్రం ఈ కులాసాలో కలపకు. దాని సంగతి వేరుగా రాస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. పచ్చడి సీసా పగలకుండా వేలూరు చేరినందుకు సంతోషం. మీ నాన్న దగ్గు తగ్గింది, చుట్ట మాత్రం తగ్గలేదు. దూడను అమ్మలేదు, అమ్మం కూడా. నా స్వస్థత గురించి మీ హాస్టలు ప్రార్థనలో చెబితే అమ్మాయిలందరూ చప్పట్లు కొట్టారని రాశావు. ఆ కిందనే, ‘చెయ్యి బాగైంది కదా, మరి ఆపరేషను తేదీ ఎందుకు రద్దు చేయించలేదమ్మా?’ అని అడిగావు. నర్సు చదువు చదువుతున్నావు, ఆ మాత్రం అనుమానం రావాల్సిందే. నీకు ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా రాశాను కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

నవంబరులో బాపట్ల బస్టాండులో కదిలిన బస్సు కడ్డీ పట్టుకుని ఎక్కబోయాను. కాలు జారింది, చెయ్యి వదల్లేదు. వదిలేసి ఉంటే మోకాలు దోక్కుపోయి ఊరుకునేది. మీ నాన్న నందివెలుగు వైపు కట్టు కట్టే ఒకాయన దగ్గరకు తీసుకెళ్లారు. కోడిగుడ్డు సొన, మినప్పిండి, ఏవో ఆకులు కలిపి ఇరవై ఒక్క రోజులు కట్టు. ఆ వాసనకు మీ నాన్నే మంచం వరండాలోకి మార్చుకున్నారు. కట్టు విప్పాక నూనె మర్దన, ఆ తర్వాత హోమియో గోళీలు. జనవరిలో తెనాలి ఎముకల డాక్టరు గారు చూసి, “ఎముక బాగానే ఉందమ్మా. దాన్ని పట్టుకునే కండ సగం పైగా తెగింది. మార్చి దాటితే ముడుచుకుపోయి కుట్టడానికి అందదు” అన్నారు. గుంటూరులో పద్దెనిమిదో తేదీన ఆపరేషను. పదహారున వెళ్లి చేరాలి. అంటే ఇంక పది రోజులు.

ఈలోగా ఫిబ్రవరి మొదటి వారంలో మన ఊళ్లో స్వస్థత కూటాలు జరిగాయి. రెండో సాయంత్రం నాలుగు వందల మంది ముందు నా చెయ్యి తలపైకి లేచింది. మైకులో సాక్ష్యం చెప్పాను. అదంతా మీ నాన్న నీకు మూడు పేజీలు రాశారు.

ఇప్పుడు నిజంగా చెయ్యి ఎలా ఉందంటే, బడిలో బోర్డు మీద కింది సగంలోనే రాస్తున్నాను. జడ మానేసి ముడి వేస్తున్నాను, అదీ బాగా తల వంచితేనే. ఆ పక్కకు ఒత్తిగిల్లలేను. చర్చిలో అందరూ నన్ను చూసి నవ్వుతుంటే నేనూ నవ్వుతున్నాను. సంతోషం లేదు, భయం లేదు, ఏడుపు కూడా రావడం లేదు. ఎవరి సంగతో వింటున్నట్టు ఉంటోంది. ఆపరేషనుకు వెళితే సాక్ష్యం అబద్ధమవుతుంది, వెళ్లకపోతే చెయ్యి పోతుంది. నెల రోజులుగా ఎటూ తేల్చకుండా అలా కూర్చున్నాను.

చెయ్యి ఒక్కటే అయితే ఇంకో నెల కూడా కూర్చునేదాన్నేమో. మన బడి ఆయా దానమ్మ, నిన్ను చంకన వేసుకు తిరిగిన మనిషి, డిసెంబరులో రొమ్ములో గడ్డ ఉందని నాకొక్కదానికే చెప్పింది. నేనే గుంటూరు పెద్దాసుపత్రికి పంపాను. ముక్క తీసి పరీక్ష చెయ్యాలి, ఫిబ్రవరి పదకొండున రమ్మన్నారు. వెళ్లే ఉంటుందని నేను అడగనేలేదు. మొన్న ఆదివారం ఆరాధనలో దానమ్మ లేచి, “టీచరమ్మగారి చెయ్యి లేపిన దేవుడు నా గడ్డ కరిగించాడండి. ఇంక ఆసుపత్రికి వెళ్లనండి” అంది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

సోమవారం బడి స్టోరు గదిలో తలుపు వేసి అడిగాను. దానమ్మ నా చెయ్యి పట్టుకుని జాకెట్టు మీద పెట్టుకుంది. గడ్డ అక్కడే ఉంది. డిసెంబరులో కంటే పెద్దది.

“మరి ఆదివారం అలా ఎందుకు చెప్పావే?” అన్నాను.

“మీకూ తగ్గలేదుగా టీచరమ్మా. బోర్డు తుడిచేది నేనేగా, పైన ఒక్క అక్షరం ఉండట్లా. అయినా మీరు అంతమందిలో చెప్పారంటే, ముందు నమ్మి చెప్పాలేమో, ఆ తర్వాత తగ్గుద్దేమో అనుకున్నా. చదువుకున్నోళ్లు మీరు, ఊరికే చెప్పరుగా.”

రూతూ, నీ దగ్గరా మీ నాన్న దగ్గరా దాచిన మాట ఇదే. ఆ రోజు సభకు గంట ముందు నొప్పి ఓర్చుకోలేక బజారులో ఇంజెక్షన్లు వేసే చలపతిరావు గారి దగ్గరకు వెళ్లాను. “మొద్దుబారే మందండి, రెండు మూడు గంటలు నొప్పి తెలీదు, ప్రశాంతంగా ప్రార్థన చేసుకోండి” అని సరిగ్గా భుజంలోనే పొడిచారు. సభలో ప్రసంగీకులు చేతులెత్తమంటే ఎత్తాను, లేచింది. ఒట్టు రూతూ, ఒక్క నిమిషం నేను నిజంగా నమ్మాను. రెండో నిమిషంలో ఇంజెక్షను గుర్తొచ్చింది. అప్పటికి మైకు నా చేతిలో ఉంది. ఇంటికి చేరేసరికి నొప్పి తిరిగొచ్చింది. మర్నాడు చెబుదామనుకున్నాను, మర్నాడు ముగ్గురు స్త్రీలు నా చెయ్యి తాకి చూడటానికి వచ్చారు.

దానమ్మకు ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. చీపురు తీసి మూలన పెట్టి, “అయితే నాకు ఆ సూది కూడా వెయ్యలేదుగా టీచరమ్మా” అంది. ఆ మాటకు కూడా నాకు ఏడుపు రాలేదు. ఒక మనిషికి అన్యాయం చేశానని తెలుసు, తెలిసినట్టు అనిపించడమే లేదు.

ఆ సాయంత్రం మీ నాన్నకు చెప్పాను. ఆయన చుట్ట ఆర్పేసి, “ఇంజెక్షను కూడా దేవుడిచ్చిందేగా. అలా సర్దుకుందాంలే” అన్నారు. “మరి సాక్ష్యంలో దాన్నెందుకు వదిలేశానండి?” అన్నాను. ఆర్పిన చుట్టనే మళ్లీ వెలిగించుకున్నారు. నిన్న పాస్టరు గారితో కూడా చెప్పాను. ఈ ఆదివారం వాక్య ప్రసంగానికి ముందే అందరికీ చెప్పమన్నారు. నేను లేస్తాను. దానమ్మ తన సంగతి తను చెబుతానంటోంది. పదహారున మీ నాన్నతో కలిసి ముగ్గురం ఒకే బస్సులో గుంటూరు వెళతాం. నేను భుజానికి, తను పరీక్షకు. నెల ఆలస్యమైంది, ఆ నెల నాది.

మీ హాస్టలులో నా గురించి ఇంకోసారి చెప్పు, ఇంజెక్షనుతో సహా. తర్వాత నాలుగు రోజులు సెలవు అడుగు. ‘మా అమ్మకు ఆపరేషను’ అనే రాయి, ఆయా కోసమంటే ఇవ్వరు. వచ్చాక నా మంచం దగ్గర కూర్చోనక్కర్లేదు, నాకు మీ నాన్న ఉన్నారు. దానమ్మకు ఎవరూ లేరు, తన వార్డులో ఉండు. వణికితే చెయ్యి పట్టుకో, తినకపోతే తినిపించు. పరీక్ష కాగితం వచ్చేదాకా, తగ్గిపోతుందని మాత్రం ఎవరినీ చెప్పనివ్వకు, నువ్వూ చెప్పకు.

ఇట్లు,
నిన్నూ నమ్మించిన మీ అమ్మ,
సరోజ.