మొదటి వాయిదా

పార్సిప్పనీ, న్యూజెర్సీ
1986 మే 11, ఆదివారం

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు వసంత ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. భీమవరంలో నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది, మనసు కొంచెం కుదుటపడింది. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయడం చేతికి అలవాటైపోయింది. ఆ 'మేమందరం' ఇప్పుడు నేనొక్కదాన్నే. రేణు లేని ఇంట్లో అన్నం వండుకోవడానికి కూడా బద్ధకంగా ఉంటోంది. ఈ మాట వదినకి చదివి వినిపించకు, ఆవిడ ఏడుపు మొదలుపెడితే ఆపడం నీ తరం కాదు.

ఈ రోజు ఇక్కడ తల్లుల దినం. తెలుగు ఆరాధన అయ్యాక తల్లులందరికీ తలా ఒక పువ్వు పంచారు. జ్ఞానమ్మ ఆంటీ బుట్ట పట్టుకుని నా దగ్గరకొచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక ఒక్క క్షణం ఆగింది. నేనే చెయ్యి చాచి తీసుకున్నాను. ఇంటికొచ్చాక చాలాసేపు ఆవిడ మీద కోపంగా ఉంది. పాపం, ఆవిడ తప్పేం లేదు.

ఇక నీ ప్రశ్నలకు వస్తాను. మొదటి వాయిదాలోనే తీర్పు ఎలా ఇస్తారే, అదేం కోర్టే అని అడిగావు. నాకూ అలాగే అనిపించింది. కిందటి అక్టోబరులో ఆయన విడాకులకీ, రేణు తన దగ్గర ఉండాలనీ కేసు వేసి నోటీసు పంపించారు. (ఇల్లు విడిచి వెళ్ళిపోయిన మొగుణ్ణి ఇంకా 'ఆయన' అనే రాస్తున్నాను చూడు.) రాకపోతే మీరు లేకుండానే తీర్పు ఇస్తామని అందులో రాసి ఉంది. చదివాను అన్నయ్యా. మన సమన్లలోనూ అలాగే రాస్తారు కదా, ఎవరు లెక్కచేస్తారు? నీకు ఫోన్ చేస్తే నువ్వూ అదే అన్నావు. "మొదటి వాయిదాకి ఎవడెళ్తాడే, బంట్రోతు కూడా రాడు. ఎక్స్‌పార్టీ అయితే అయింది, పిటిషన్ పెట్టి తీయించుకోవచ్చు. కంగారు పడకు." ప్లీడరు గుమాస్తాగా తల నెరిసిన వాడివి, నీ మాట కాదని ఎవరి మాట వినాలి?

ఇక్కడ మన ఆరాధనకి పెద్ద ఆమోసు గారు. ఆయన్ని కూడా అడిగాను.

"అమ్మా వసంతా, విశ్వాసులు అన్యుల ముందు వ్యాజ్యెమాడకూడదు. నువ్వు కోర్టుకి అటెండ్ అయితే సుందర్‌కి పంతం పెరుగుద్ది. నేను మాట్లాడతానుగా. ప్రేయర్‌లో పెడదాం" అన్నారు.

మీ ఇద్దరి మాటా నాకు నచ్చింది, ఎందుకంటే నాకు కోర్టుకి వెళ్ళాలంటే భయం. వాయిదా రోజున మామూలుగా నర్సింగ్ హోమ్‌కి డ్యూటీకి వెళ్ళి, ముసలాళ్ళకి మందులిచ్చి వచ్చాను. అక్కడేమో ఆయన లాయరు లేచి, తల్లి రాత్రి షిఫ్టులు చేస్తుంది, పిల్ల పక్కింటి వాళ్ళ దగ్గర పడుకుంటుంది అని చెప్పాడు. అది నిజమే. నా తరఫున ఇంకో మాట చెప్పేవాళ్ళు లేరు. మధ్యాహ్నం భోజనాల వేళకి రేణు తండ్రిదైపోయింది. నాకు శనివారాలు మిగిల్చారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు వెళ్ళాను కౌంటీ కోర్టుకి. గుమ్మంలోనే 'ఇన్ఫర్మేషన్' అని బోర్డు పెట్టిన కిటికీ ఉంది. లోపల ఒక నల్లావిడ, మన అమ్మ వయసుంటుంది. ఇంటర్‌ప్రెటర్ కావాలా, ఏ భాష అని అడిగింది. తెలుగు అన్నాను. తన కాగితంలో వెతికి, లేదమ్మా అంది. నేను జరిగిందంతా ఇంగ్లీషులోనే చెప్పి, ఇప్పుడు నన్నేం చేయమంటారు అని అడిగాను.

"నేను సలహా ఇవ్వకూడదమ్మా. సమాచారం ఇస్తాను. ఏ కాగితం, ఏ గదిలో, ఏ తేదీలోపు ఇవ్వాలో చెప్తాను. ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం" అంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి అన్నయ్యా. అంతవరకూ నాకు అందరూ సలహా ఇచ్చినవాళ్ళే. ఈ కిటికీ ఆ మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. మా అపార్ట్‌మెంట్ నుంచి కార్లో ఎంతో దూరం కూడా లేదు. ఆవిడ చూపించినట్టే అర్జీ రాసి ఇచ్చాను.

అర్జీ ఒప్పుకున్నారా అని అడిగావు. ఒప్పుకున్నారు. ఫిబ్రవరిలో జడ్జి నన్ను నిలబెట్టి అడిగాడు. నోటీసు అందిందా అంటే అందిందన్నాను. చదివావా అంటే చదివానన్నాను. మరి ఎందుకు రాలేదు అన్నాడు.

"మొదటి డేట్ కదా సర్, ఎవరూ రారనుకున్నాను. మా ఊళ్ళో అలాగే ఉంటుంది" అన్నాను.

జడ్జి నా వంక చూశాడు. కోపం కాదు, అర్థం కాలేదంతే. అయినా మళ్ళీ వింటానన్నాడు. మార్చిలో ఫలానా రోజున పిల్లని తీసుకురమ్మని ఆయనతో చెప్పాడు. ఆ నెలరోజులూ నేను రేణు గది సర్దుతూనే ఉన్నాను.

మార్చిలో ఆయన ఒక్కడే వచ్చాడు.

నర్సాపురం కన్వెన్షన్ కూటాల్లో మా అత్తగారి పక్కన అచ్చం రేణులాంటి పిల్లని చూశానని ఎవరో అన్నారని రాశావు కదా. రేణులాంటి పిల్ల కాదు, అది మన రేణు. క్రిస్మస్‌కి నాయనమ్మకి చూపించి తీసుకొస్తానంటే గౌన్లు మడతపెట్టి పెట్టె సర్దిచ్చింది నేనే. అక్కడ బళ్ళో వేసి తనొక్కడే తిరిగొచ్చి, రెండు నెలలు నాకు ఏవో సాకులు చెప్పాడు. మార్చిలో జడ్జి అడిగితే, కోర్టు పిల్లని నాకిచ్చింది, దేశం దాటించవద్దని ఆ తీర్పులో ఎక్కడుంది అన్నాడు. జడ్జికి కోపమొచ్చి వెనక్కి తెప్పించమని ఆర్డరు వేశాడు. ఇంతవరకూ తెప్పించలేదు. నర్సాపురం దాకా ఆ జడ్జి చెయ్యి అందదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలిసింది.

జిల్లా కోర్టు మీద హైకోర్టు ఉన్నట్టు దీని మీద ఫెడరల్ కోర్టు ఉంటుందనుకుని నూవార్క్ కూడా వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు, కూర్చోబెట్టి చెప్పాడు. మొగుడూ పెళ్ళాల మధ్య పిల్లల తగాదా ఇక్కడ చూడరట. నేను బయటికొచ్చేసరికి వరండాలో పౌరసత్వం ప్రమాణం చేసినవాళ్ళు చేతుల్లో చిన్న జెండాలతో, పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. నేను తల దించుకుని పార్కింగ్‌లోకి వెళ్ళిపోయాను.

నువ్వే వచ్చెయ్, ఇక్కడ చూసుకుందాం అన్నావు. రాలేను. ఆర్డరు తప్పినందుకు ఆయన్ని విచారించే వాయిదా జూన్‌లో ఉంది, ఆ తర్వాత ఇంకొకటి. ఈసారి నేను లేకపోతే ఇక్కడ నాకంటూ ఏమీ మిగలదు. ఆర్డరు కాపీ దీంతో పంపుతున్నాను, మీ ప్లీడరు గారికి చూపించి అక్కడ కేసు వెయ్యి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని నువ్వే అనేవాడివి. మన కోర్టులో అది తేలడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకన్నా నీకే తెలుసు. రేణుకి ఏడేళ్ళు నిండాయి. ఇప్పటికే తెలుగులో ఆలోచించడం మొదలుపెట్టి ఉంటుంది, ఇంకొన్నేళ్ళకి నా మొహం మరిచిపోతుంది.

నీ ఉత్తరంలో, నా సలహా వల్లే నీ పిల్ల పోయింది, ఇక కోర్టు మెట్లెక్కను అని రాశావు. అలాంటి పిచ్చి పని చెయ్యకు. నువ్వు మెట్లెక్కకపోతే అక్కడ నాకెవరున్నారు?

ఒక్క సంగతి నీకు రాయకూడదనుకున్నాను. రాయక తప్పడం లేదు. పోయిన వారం మా అత్తగారి పక్కింటి కామేశ్వరి గారి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆవిడ దయగల తల్లి, ఎవరికీ చెప్పకుండా రేణుని పిలిచింది. లైన్లో గరగర. తిన్నావా అంటే తిన్నానంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మమ్మీ, జడ్జ్ నిన్ను కాల్ చేశాడు. నువ్వు రాలేదు. డాడీ చెప్పాడు. నువ్వు ఎందుకు రాలేదు?"

మొదటి వాయిదా అని చెప్పనా? మీ మామయ్య వద్దన్నాడని చెప్పనా?

"ఆ రోజు వర్క్ ఉందమ్మా" అన్నాను.

"ఓకే" అంది.

ఈ ఉత్తరం అందగానే నర్సాపురం బస్సెక్కి దాన్ని చూసి రా. మా అత్తగారు గుమ్మంలో నిలబెట్టి మాట్లాడినా ఓర్చుకో. అది నిన్ను కూడా అదే అడుగుతుంది. అప్పుడు నిజం చెప్పి భారం దించుకోవాలని చూడకు అన్నయ్యా, నీ సంగతి నాకు తెలుసు. మీ అమ్మకి ఆ రోజు పని ఉందనే చెప్పు. తప్పు నాదని అనుకుంటే అనుకోనీ. అది నమ్మడానికి అక్కడ నా తరఫు మనిషి ఒక్కడు ఉండాలి, ఆ మనిషివి నువ్వే.

ఇట్లు
నీ చెల్లెలు
వసంత