దూరంగా కూర్చున్న మూడు రోజులు

బారిడీహ్, జంషెడ్‌పూర్
ఆదివారం మధ్యాహ్నం

అమ్మా,

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్నమ్మ అన్నం సరిగ్గా తింటోందా? అక్క, పాప కులాసాయేనా? ఇక్కడ మేమంతా బాగున్నాం. నేను కూడా బాగున్నాను. నిజంగానే బాగున్నానమ్మా.

పోయిన వారం అత్త రాసిన ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. నేను నెలకి రెండుసార్లు దూరంగా కూర్చుంటున్నాననీ, లేడీ డాక్టరుకి చూపించాలనీ, నిన్ను వెంటనే బయల్దేరమనీ రాసింది. నాకే జబ్బూ లేదు. నువ్వు రైలెక్కకు. ముందు ఇదంతా చదువు. ఇన్‌లాండ్ లెటర్ సరిపోదని కవరు కొన్నాను. అక్క చేత చదివించుకోకు. తలుపు దగ్గరగా వేసుకుని నువ్వే చదువుకో. ఇంగ్లీషులో అయితే గబగబా రాసేసేదాన్ని, కానీ ఇది నీకు తెలుగులోనే చెప్పాలి.

ఇక్కడ చలి మొదలైంది. సాయంత్రం అయ్యేసరికి అన్ని క్వార్టర్లలోనూ బొగ్గు పొయ్యిలు రాజేస్తారు. ఆ పొగకి లైన్ చివర ఎవరు నడుస్తున్నారో కూడా కనపడదు. మావయ్యకి ఈ వారం బి షిఫ్టు. కాలేజీలో అమ్మాయిలంతా హిందీలోనే మాట్లాడుకుంటారు. నేను ఇంగ్లీషులో జవాబిస్తే "మేమ్‌సాబ్ ఆయీ" అని నవ్వుతారు. అందుకని మాట్లాడటం తగ్గించేశాను.

మొదట్లో నాకు ఊరికే ఏడుపొచ్చేది. నాన్న పోయాక అందరూ నన్నే ధైర్యంగా ఉండమన్నారు కదా, మన ఇంట్లో ఏడవలేదు. ఇక్కడేమో దీపాల వేళ ఆడపిల్ల ఏడిస్తే ఇంటికి మంచిది కాదంటుంది అత్త. బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. అది చూసి అత్తే నన్ను కుట్టు నేర్చుకోమని రజియా ఆపా దగ్గరికి పంపింది. ఆవిడ మా లైన్లో అందరికీ జాకెట్లు కుడుతుంది. ఆపా అంటే అక్క అని, కానీ పెద్దావిడే, నీ వయసు ఉంటుంది.

సాయంత్రం ఒక వేళకి ఆపా మిషను ఆపేసి, కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుని, చాప పరిచి నమాజ్ చేసేది. అయ్యాక మళ్లీ కుట్టు ఆపిన చోటే మొదలుపెట్టేది. ఒకరోజు నేను, "మీరు ఏం అడుగుతారు ఆపా?" అన్నాను. "ఏమీ తోచకపోతే ఏమీ అడగను. తల నేలకి ఆనించి ఊరుకుంటాను" అంది. నేనూ అలా ఒకసారి చేసి చూస్తానన్నాను. తల ఆనించగానే ఏడుపొచ్చింది. చాలాసేపు లేవలేదు. ఆవిడ ఎందుకని అడగలేదు, ఊరుకోమనీ అనలేదు.

అమ్మా, నువ్వు ఏం అనుకుంటావో నాకు తెలుసు. అబ్బాయి ఎవరూ లేడు. ఒట్టు, ఎవరూ లేడు. నన్నెవరూ బలవంతం పెట్టలేదు. ఆపా మూడుసార్లు వద్దంది. పద్దెనిమిది నిండాక నేనే అడిగి, ఆవిడ ముందూ ఇంకో ఆవిడ ముందూ కల్మా చదివి వాళ్ల మతంలో చేరాను. దానికి నాలుగు నెలలైంది.

వాళ్లు నన్ను చూసి సంబరపడ్డారనుకోకు. భయపడ్డారు. ఆపా వాళ్ల అత్తగారు నా ఎదురుగానే, "ఈ పిల్ల మామకి తెలిస్తే మన గల్లీ మొత్తం మీద పడతారు. నీకేం పట్టింది?" అని కేకలేసింది. వాళ్లున్నది పట్టుమని పాతిక ఇళ్లు. ఒకే ఒక్కసారి నన్ను ఆడవాళ్ల వరసలో నిలబెట్టారు. ఎప్పుడు వంగాలో ఎప్పుడు లేవాలో తెలియక అందరికంటే ముందే లేచిపోయాను. నమాజ్ అయ్యాక పక్కనున్న ముసలావిడ, "క్యా రే, తేరీ గాడీ ఛూట్ రహీ హై?" అంది, నాకేదో రైలు తప్పిపోతున్నట్టు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ ఒక్కరోజే అమ్మా, నాకు అక్కడ నవ్వు వచ్చింది. ఆ తర్వాత ఆపా, "ఇక్కడ వరసలోకి రాకు బేటీ, ఇంట్లో వీలైనప్పుడు చేసుకో" అంది.

ఇంట్లో వీలెక్కడ? రెండు గదులు. ముఖం కడుక్కుంటే బొట్టు పోతుంది. బొట్టు లేకుండా కనపడితే అత్త, "ఏటే, ముఖం అలా బోడిగా ఎట్టుకుని తిరుగుతన్నావు?" అంటుంది. కడుక్కోవడం, చేసుకోవడం, మళ్లీ పరుగెత్తి బొట్టు పెట్టుకోవడం.

ఆ నెల దూరమైనప్పుడు వెనక వరండా గదిలో కూర్చున్నాను. మూడు రోజులు అటువైపు ఎవరూ రారు కదా. అత్త గుమ్మం బయట కంచం పెట్టి వెళ్లిపోతుంది. నాకు పండగలా అయింది. అన్ని పూటలూ ఒక్కటి కూడా వదలకుండా చేశాను. ఎంత బాగా చేశానో అని గర్వంగా వెళ్లి ఆపాకి చెప్పాను.

ఆపా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాలో తిట్టాలో ఆవిడకి తెలియలేదు. "పాగల్ లడ్కీ! ఆ రోజుల్లో నమాజ్ ఉండదే. ఆ రోజులు మాఫీ. ఎవరూ చెప్పలేదా నీకు?" అంది.

ఎవరు చెబుతారమ్మా? అవే నాకు దొరికిన రోజులు, అవే పనికిరాని రోజులు.

అప్పుడే తప్పు చేశాను. తర్వాతి నెలలో, ఏమీ లేకుండానే, దూరమయ్యానని అత్తకి అబద్ధం చెప్పాను. మంచి రోజుల్లో ఆ గదిలో కూర్చుని నమాజ్ చేసుకున్నాను. మళ్లీ నిజంగా దూరమైనప్పుడు ఇంకోసారి కూర్చున్నాను. ఇలా మూడు నెలలు. అత్త క్యాలెండరు మీద పెన్సిల్‌తో గీతలు పెడుతోందని నాకు తెలియదు. "నెలకి రెండుమార్లేటే? నీ ఒంట్లో రగతం ఉంటాదా?" అని బీట్‌రూట్లు, బెల్లం, ఎక్కడెక్కడివో ఆకుకూరలూ తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది. నేను తిన్నాను. నాకు బాగవ్వాలని శనివారాలు ఉపవాసం మొక్కుకుంది. అదీ నాకు చెప్పలేదు.

నిన్న పొద్దున్న కుళాయి దగ్గర బిందె ఎత్తుతూ పడిపోయింది. నేనూ పక్కింటావిడా పట్టుకుని లోపలికి తెచ్చాం. పక్కింటావిడే అంది, "మీ అత్త నాలుగు శనివారాల్నుంచి నీ కోసం మంచినీళ్లు కూడా ముట్టడం లేదు" అని. ఆవిడ వెళ్లాక అత్త కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను.

"నీకేటీ నేదా?" అంది.

"లేదత్తా."

"జబ్బేటీ నేదా? నిజంగా నేదా?" అని నా చెంపలు పట్టుకుని ఏడ్చింది, సంతోషంతో. ఆ తర్వాతే మిగతా మాట బుర్రకెక్కినట్టుంది. చేతులు తీసేసుకుంది.

కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత, "అబద్ధమాడి దండమెడితే ఏ దేవుడు ఇంటాడే?" అంది. మళ్లీ తనే, "వదినకి నువ్వే రాయి. మీ మావకి నాను సెప్పను. ఆయన ఇన్నారంటే మనుసుల్నేసుకుని ఆ టైలరమ్మ ఇంటి మీదకెల్తారు. వదిన ఏటంటాదో అదే సేద్దాం. జవాబొచ్చీదాకా నువ్వా గదిలోకెల్లకు. కుట్టుకీ ఎల్లకు" అంది.

అందుకే రాస్తున్నాను. అమ్మా, చదువు మానేసి వచ్చెయ్యమంటే వచ్చేస్తాను. అక్కింట్లో ఉండమన్నా ఉంటాను. ఇంకెప్పుడూ ఆ అబద్ధం ఆడను. కానీ నమాజ్ మానేస్తానని మాత్రం రాయలేను. రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నిన్న రాత్రి అందరికంటే ముందే పడుకుని దుప్పటి కింద పెదాలతో చదువుకున్నాను. అదైనా సరిగ్గా వస్తోందో లేదో, చెప్పేవాళ్లు లేరు.

నన్ను ఎంత తిట్టినా ఫర్వాలేదు. ఆపాని తిట్టకు. మావయ్యకి నువ్వు విడిగా ఉత్తరం రాయకు, చేతులెత్తి అడుగుతున్నాను. కవరు మీద నా పేరే రాయి. పోస్ట్‌మాన్ పదకొండింటికి వస్తాడు, వచ్చే వారం మావయ్యకి రాత్రి డ్యూటీ, ఆ వేళకి నిద్రలో ఉంటాడు. వచ్చేవాళ్లెవరైనా ఉంటే అత్తకి మన చింతపండు, రెండు కేజీలు పంపు. ఇక్కడిది పులుపెక్కడం లేదంటోంది.

నాన్నమ్మకి నేను అడిగానని చెప్పు. బాగున్నానని చెప్పు. అక్కకి ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం. పాపకి ముద్దులు.

ప్రతి ఉత్తరం చివర నీ పాదాలకి నమస్కారం రాసేదాన్ని. ఇవాళ ఆ లైను దగ్గర ఆగిపోయి గంటసేపు కూర్చున్నాను. తల దేవుడొక్కడి ముందే వంచాలని ఆపా నేర్పింది. రాయకపోతే నీ మనసు ఎంత కష్టపడుతుందో నాకు తెలుసు. రాసి కొట్టేస్తే ఇంకా పాపం. అందుకని అక్కడ ఖాళీ వదిలేస్తున్నాను. నీకు నా మీద కోపం తగ్గిన రోజున అక్కడ ఏం ఉండాలో నువ్వే అనుకో. దీవించకుండా మాత్రం ఉండకు.



నువ్వు పెట్టిన పేరు ఇంకా అదే,
సరోజ