కౌసల్య రాసిన మాట

గడ్డపోతారం

చెల్లె మహితకు,

బాగా అలసిపోయాను, పొడుగ్గా రాయలేను.

కార్మికుల కోసం మనిద్దరం పెట్టిన నెట్‌వర్క్‌లో వట్టి అక్షరాలే ఉంటాయి, ఎవరి రాతలు వాళ్ల ఫోన్‌లోనే ఉంటాయి, మిగతావాళ్లు అక్కడి నుంచే చదువుతారు కదా. మా మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే కౌసల్య, చేతులు బొబ్బలెక్కుతున్నాయని అందులో రాసింది. సూపర్‌వైజర్ నా దగ్గరికొచ్చి దాన్ని తీసెయ్యమన్నాడు.

"నా తాన లేదు సార్, నాతోని కాదు" అన్నాను. నెట్‌వర్క్‌ను అలా కట్టినందుకు లోపల సంతోషించాను కూడా. అతను నేరుగా కౌసల్య దగ్గరికి పోయి, బెదిరించి తీయించాడు.

"అన్నా, గా మాట నా ఒక్కదాని ఫోన్ల ఉండబట్టే గదా నన్ను పట్టుకున్నరు" అందామె.

అందుకే అడుగుతున్నాను. రాసినవాళ్లు ఒప్పుకుంటే, చదివేవాళ్ల ఫోన్లలో కూడా ఆ రాత నిలిచేలా మార్చగలవా? షిఫ్టు దిగాక నాకు తెర మీద అక్షరాలే ఆనడం లేదు. మొన్నటిదాకా ఇదంతా ఆపేద్దామనే అనుకున్నాను.

నిన్న కౌసల్య అదే మాట మళ్లీ రాసింది. పొద్దున చూస్తే, ఆమెతో పనిచేసే ఆడవాళ్లు దాన్ని తమ ఫోన్లలో, తమ పేర్లతో టైపు చేసుకున్నారు. ఆ బొబ్బల చేతులతోనే. వాళ్లకు ఆ శ్రమైనా తప్పించు, జల్దీ చెయ్యి.

మీ అన్న