పిల్లగుర్రం చెవిలో చాడీలు

బావా,

నడుం ఎలా ఉంది? పిల్లగుర్రం నిన్ను మళ్ళీ ఎగరేసి పడేసిందనీ, ఆదివారం దాన్ని అమ్మేస్తున్నావనీ అక్క చెప్పింది. ముందు కడుపుబ్బా నవ్వాను. తర్వాత మనసు చివుక్కుమంది.

దాని తల్లి కూడా ఇలాగే ఎగిరేది, గుర్తుందా? మావయ్య జీను పట్టీ ఒకేసారి బిగించేవాడు కాదు. కాస్త బిగించి, దొడ్లో తిప్పుతూ, దాని చెవిలో మనిద్దరి మీదా చాడీలు చెప్పి, అప్పుడు ఇంకాస్త బిగించేవాడు. “ఊపిరాడకపోతే నువ్వు మాత్రం ఎగరవట్రా?” అనేవాడు నీతో. నువ్వేమో గోనెమూట కట్టినట్టు ఒక్క గుంజు గుంజుతావు.

దాన్ని అమ్మకు బావా. శనివారం వస్తున్నా. పట్టీ నేను బిగిస్తా, చాడీలు నువ్వు చెప్పు. నా మీద నీకు కొదవా? పిల్లగుర్రం మావయ్య పోయాక పుట్టింది కదా, పాపం ఆయన గొంతే వినలేదది. నీ గొంతు అచ్చం ఆయనదే.

నీ బావమరిది